పిడుగునకు దారి



ఉఱుము వినబడగానే అర్జునుని పేరులు వరుసగా చెప్పుకొనుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న వాడుక. చిన్ననాట మా నాయనమ్మ ప్రక్కను ముడుచుకొని కూర్చుండి నేనును ఆ పేరులు చెప్పినవాడనే. ఆ జపముచే పిడుగు తొలగునో లేదో నేను చెప్పజాలను. దానిచే ఎవరికిని హాని కలుగలేదని మాత్రము గట్టిగా చెప్పగలను. ఇది చిన్నమాట కాదు. ఐరోపా ఖండమున ఉఱుము వినబడగానే చర్చి గోపురమునందలి గంటలను మ్రోగించు ఆచారముండెడిది. ఆ ధ్వనిచే మేఘములు చెదరిపోవునని వారి నమ్మకము. ఊరిలో అన్నిటికంటె ఎత్తైన కట్టడము ఆ గోపురమే. గంట కొట్టువాని చేతిలోనిది వానకు తడిసిన త్రాడు. 1784లో జర్మనీ దేశమున అచ్చైన యొక గ్రంథమునందు, ముప్పదిమూడు సంవత్సరములలో 386 గోపురములపై పిడుగు పడెననియు, గంటలు కొట్టుచు 103 మంది మృతినొందిరనియు లెక్క వ్రాయబడినది.

నేడు నేను చెప్పబూనినది పిడుగు కథ మాత్రమే కాదు. పిడుగువలన కరెంటు తీగలలో అకస్మాత్తుగా ఒక పొంగు పుట్టును. ఆ పొంగునుండి మన యిండ్లను, మోటారులను, యంత్రములను కాపాడుకొనుటకు మనుష్యుడు కల్పించిన సాధనములు కొన్ని కలవు. వానిలో ఏది ఎచ్చట తగునో తెలిసికొనవలెనన్న, అవి ఎట్లు పుట్టినవో తెలియవలెను. ఈ విషయమున మాటాడుటకు నాకు గల అర్హత యొక్కటే: నేను ఇందులో ఒక తప్పు చేసితిని.

మా యూరి బడికి పండ్రెండు కంప్యూటర్లు వచ్చినవి. నేను భౌతికశాస్త్రము చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను గనుక, వానికి రక్షణగా ఏ సాధనము కొనవలెనో నన్నే నిర్ణయింపుమని పంచాయతీ పెద్దలు కోరిరి. నేను పట్టణమునకు పోయి, అంగడిలోనున్న పెట్టెలలో వెల హెచ్చుగా నున్నదానిని, పైని అచ్చువేసిన అంకె పెద్దదిగా నున్నదానిని ఏరి తెచ్చితిని. దానిపై చిన్న పచ్చదీపము వెలుగుచుండెడిది. ఆ దీపము వెలుగునంతవఱకు రక్షణ కలదని అంగడివాడు చెప్పెను. వైశాఖమాసమున ఒక సాయంకాలము గాలివాన వచ్చి బడి వెనుకనున్న తాడిచెట్టుపై పిడుగు పడినది. బడిపై పడలేదు. మఱునాడు చూడగా ఏడు కంప్యూటర్లు పాడైపోయినవి. నా పెట్టె మాత్రము చెక్కుచెదరలేదు. పచ్చదీపము నిశ్చింతగా వెలుగుచునే యున్నది. సర్పంచిగారు దానిని చాలసేపు చూచి, "మాస్టారూ, దీపం బాగానే ఉందండీ. మరి ఇది కాసిందేమిటి?" అని యడిగిరి. నా యొద్ద సమాధానము లేదు.

సమాధానము వెదకుటకై పుస్తకములు త్రిప్పితిని. త్రిప్పగా, నేను చేసిన తప్పు రెండువందల డెబ్బది సంవత్సరములుగా నాకంటె ఎంతో గొప్పవారు చేయుచు వచ్చినదేయని తెలిసి కొంత ఊరట కలిగినది, కొంత సిగ్గును కలిగినది.

అమెరికా ఖండమున ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ అను నాతడు అచ్చుకూటము నడపుచుండెను. మెఱుపును, సీసాలో నిలువచేసిన విద్యుత్తును ఒక్కటియేయని ఆయన యూహించి, ఎత్తైన యినుపకమ్మి నిలిపినచో మేఘములనుండి విద్యుత్తును దింపవచ్చునని వ్రాసెను. ఆ వ్రాత ఫ్రాన్సు దేశము చేరెను. 1752లో పారిస్ నగరమునకు దాపుననున్న మార్లీ గ్రామమున దాలిబార్ అను పండితుడు నలువది యడుగుల యినుపకమ్మిని గాజుసీసాలపై నిలిపిన పీటమీద నాటించెను. మబ్బు పట్టిన నాడు పండితుడు ఊర లేడు. కాపలాకు పెట్టిన ముసలి సిపాయి కమ్మి దగ్గరకు పోయి నిప్పురవ్వలు రాబట్టెను. ఊరి పురోహితుడు వడగండ్లలో పరుగెత్తుకొని వచ్చెను. సిపాయి చచ్చెననుకొని ఊరివారందఱును ఆయన వెంటబడిరి. సిపాయి బ్రదికియే యుండెను. అతని యదృష్టము గొప్పది. ఫ్రాంక్లిన్ గాలిపటమెగురవేసిన ప్రసిద్ధమైన కథ ఆ పిమ్మట జూన్ మాసమునకు చెందినది. 1753 సంవత్సరపు తన పంచాంగమునందు, ఇండ్లపై కమ్మి నిలిపి దాని క్రిందికొనను తడినేలలో పాతుడని ఆయన ప్రజలకు బోధించెను.

ఆ 'తడినేలలో' అను మాటను చాలమంది చదివి మఱచిపోయిరి. 1753లోనే రష్యా దేశపు సెయింట్ పీటర్సుబర్గు నగరమున రిఖ్మన్ అను ఆచార్యుడు తన యింటిపై కమ్మి నిలిపెను. ఆయన కోరిక పిడుగునుండి రక్షణ కాదు. విద్యుత్తు బలమును కొలుచుట. కావున కమ్మి భూమికి తగులకుండ గాజుపై నిలిపి, దానినుండి ఒక గొలుసును గదిలోని కొలతసాధనమునకు తెచ్చెను. ఆగస్టు 6వ తేదీన విద్వత్సభలో కూర్చుండియుండగా ఉఱుము వినబడెను. బొమ్మలు చెక్కు సోకొలోవ్ అను నాతనిని వెంటబెట్టుకొని ఆయన యింటికి పరుగెత్తెను. సాధనమును పరికించుటకై వంగినంతనే పిడికిలంత నీలపు అగ్నిగోళము ఆయన నుదుటికి తగిలెనని ప్రక్కనున్న సోకొలోవ్ చెప్పెను. ఆచార్యుడు అచ్చటనే ప్రాణము విడిచెను. ఒక కాలి జోడు చినిగిపోయినది. తలుపు చట్టమునుండి ఊడిపడినది. కమ్మి తన పని తాను చేసినది: పిడుగును ఇంటిలోనికి తెచ్చినది. నేలలోనికి పోవు దారి దానికి ఎవ్వరును చూపలేదు. ఆ దారి ఆచార్యుని దేహమైనది.

మా బడి పెట్టెయు ఇట్టిదే. గోడలోని మూడు రంధ్రములలో పైనున్న పెద్ద రంధ్రము ఎర్తు తీగ కొఱకు గదా. ఆ రంధ్రము వెనుక తీగయే లేదు. పెట్టె మాట యెత్తక ముందు ఆ పలక విప్పి చూడవలెనని నాకు తోచలేదు.

మనుష్యులకు పైకొన మీదనున్న మక్కువ క్రిందికొన మీద ఉండదు. దీనికి ఇంగ్లండులో జరిగిన యొక వివాదము చక్కని నిదర్శనము. థేమ్స్ నదీతీరమున పర్ఫ్లీట్ అనుచోట తుపాకిమందు కొట్లుండెను. వానిని రక్షించు నుపాయము చెప్పుటకు 1772లో రాయల్ సొసైటీవారు ఒక సంఘమును నియమించిరి. ఫ్రాంక్లిన్, కావెండిష్ మొదలగు సభ్యులు మొనదేలిన కమ్ములు మేలనిరి. విల్సన్ అను చిత్రకారుడు మాత్రము మొండి కొనలే మేలని వాదించి, సంఘముతో ఏకీభవింపక విడిపోయెను. 1777 మేలో అచ్చటి కార్యాలయ భవనమునకు పిడుగు తగిలి మూలనున్న కొన్ని ఇటుకలు ఊడినవి. ఇక వివాదము రాజుకొన్నది. అది అమెరికావారు ఇంగ్లండుపై యుద్ధము చేయుచున్న కాలము. మొనదేలిన కమ్మి అమెరికావాని కమ్మి యైనది. మూడవ జార్జి రాజు మొండికొన పక్షము వహించి తన భవనముపై అట్టివానినే పెట్టించెనని చెప్పుదురు. 2000 సంవత్సరమున న్యూమెక్సికో రాష్ట్రపు పరిశోధకులు, ఒక పర్వతముపై ఏడేండ్లు కమ్ములు నిలిపి పరిశీలించిన ఫలితములు ప్రకటించిరి. పిడుగు మొండి కొనలపై పడినదిగాని మొనదేలినవానిపై ఒక్కమాఱును పడలేదట. రాజుగారి కోపము రాజకీయమైనను ఆయన కమ్మి కొన్నాళ్లకు గెలిచినదన్నమాట. అయినను ఇదంతయు కొన మాట. భూమిలోని మొదలు సరిగా లేనిచో ఏ కొనయైనను ఒక్కటే.

ఇంతవఱకు చెప్పినది ఇంటి నెత్తిన పడు పిడుగును గూర్చి. టెలిగ్రాపు తీగ వచ్చిన పిమ్మట పిడుగు వీథిగుమ్మమునుండి లోనికి రాజొచ్చెను. అమెరికాలో మోర్సు తీగ 1844లో నడచెను. మన దేశమున ఓషానెస్సీ అను వైద్యుడు వేయించిన తీగలు 1855 నాటికి కలకత్తాను ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరములతో కలిపినవి. ఇట్టి తీగకు ఎచ్చటనో కోసుదూరమున పిడుగు తగిలినను, అసలు తగులక ప్రక్క చెట్టుపై పడినను, ఆ తీగలో పొంగు పుట్టి రెండుప్రక్కలకు పరుగెత్తును. మా తాడిచెట్టు చేసినది సరిగా నిదియే. తంతి గుమాస్తా బల్లమీది యంత్రములు కాలిపోవుచుండెను. గుమాస్తాలకు దెబ్బలు తగులుచుండెను. ఫ్రాన్సులో బ్రెగే అను గడియారముల పనివాడు 1840లలో ఒక ఉపాయము పన్నెను. లావుతీగను కార్యాలయమునకు కొంత దూరముననే ఆపి, అచ్చటినుండి లోనికి సన్నతీగ వేసెను. పొంగు వచ్చినచో సన్నతీగ కరగి తెగిపోవును. ఇది నేటి ఫ్యూజునకు అన్న. జర్మనీలో స్టైన్‌హైల్ మఱియొక త్రోవ త్రొక్కెను: రెండు లోహపు పలకలను మిక్కిలి దగ్గరగా ఎదురెదురుగా నుంచి, ఒకదానిని తీగకును ఒకదానిని భూమికిని కలిపెను. తంతివార్త యొక్క చిన్న విద్యుత్తు ఆ సందును దాటలేదు. పిడుగు దాటును. దాటి భూమిలోనికి పోవును. నేడు మీరు చూచు సర్జ్ అరెస్టరులన్నియు ఆ సందుయొక్క సంతానమే.

ఇచ్చట మన చెఱువును తలచుకొనుడు. చెఱువు కట్టకు అలుగు పెట్టుదురు. నీరు అలుగు మట్టమునకు లోబడి యున్నంతవఱకు అది ఉన్నదో లేదో ఎవరికిని పట్టదు. వరద వచ్చినప్పుడు అధికమైన నీరు అలుగుపైనుండి పోయి కట్ట నిలుచును. వరద తగ్గగానే అలుగు తనంత తాను ఊరకుండును. అలుగు నీటిని అడ్డునది కాదు, దారి ఇచ్చునది. సర్జ్ ప్రొటెక్టరును జనులు కవచమువలె తలంతురు. అది కవచము కాదు, అలుగు. అలుగు క్రింద వాగు లేనిచో ఆ నీరు ఎచ్చటికి పోవును? ఊరిమీదికి పోవును. ఆ వాగే ఎర్తు.

వాగు వంకరలు తిరిగి పోయినను చాలదని చూపినవాడు ఆలివర్ లాడ్జి. 1888లో లండనులో ఆయన ఇచ్చిన ఉపన్యాసములలో ఒక ప్రయోగము చేసి చూపెను. విద్యుత్తుతో నింపిన సీసాలకు ఆయన రెండు దారులు చూపెను: ఒకటి లావైన రాగితీగ, ఇంకొకటి గాలిలో చిన్న సందు. రాగిలోనుండి పోవుట సులభమని పిల్లవాడైనను చెప్పును. కాని నిప్పురవ్వ తీగను విడిచి గాలిసందునే దూకెను. కారణమేమనగా పిడుగు మన కాలువ నీరువలె నెమ్మదిగా పాఱునది కాదు. ఒక సెకనులో పదిలక్షవ వంతు చొప్పున లెక్కింపవలసినంత వేగముతో ఎగయును. అంత వేగమునకు తీగయొక్క పొడవే అడ్డుకట్టయగును. నేటి లెక్క చెప్పెదను. ఆ పదిలక్షవ వంతు కాలములో వేయి ఆంపియర్లు పెరిగిన పొంగునకు, ఒక్క మీటరు నిడుపు తీగలో సుమారు వేయి వోల్టుల ఒత్తిడి నిలుచును. పిడుగులో పారునది మామూలుగా ముప్పదివేల ఆంపియర్ల ప్రాంతమున నుండును. ప్రభుత్వ టెలిగ్రాఫు ఇంజనీరైన ప్రీస్ మొదలగువారు లాడ్జిని ఎదిర్చి వాదించిరి. పుస్తకపు పండితుడు మాకు పాఠము చెప్పుటయా యని వారి బాధ. పాఠము నిలిచినది.

అటు పిమ్మట దీపములకు, యంత్రములకు కరెంటు తీగలు వచ్చినవి. మన దక్షిణదేశమున 1902లో శివసముద్రపు కావేరి జలపాతమునుండి కోలారు బంగారుగనులకు తొంబది మైళ్లకు పైబడిన దూరము విద్యుత్తును నడపిరి. ఆ గనులలో మన చిత్తూరుజిల్లా వారు ఎందఱో పనిచేసిరి. ఇట్టి పెద్ద తీగలకు టెలిగ్రాపువారి సందును పెట్టినచో ఒక కొత్త చిక్కు వచ్చును. పిడుగు సందును దాటి పోవును, మంచిదే. కాని అది దాటిన త్రోవను పట్టుకొని డైనమో విద్యుత్తు కూడ దాటజొచ్చును, మంట ఆరదు. అలుగు గండియైనదన్నమాట. వరద తీసినను గండి చెఱువంతయు త్రాగును. ఆ గండిని ఎవరు పూడ్చవలెను? ముప్పది నలువదేండ్లు ఇంజనీర్లకు ఈ ప్రశ్నతోడనే సరిపోయినది. ఎలిహూ థామ్సన్ అయస్కాంతముతో ఆ మంటను ఊదివేయబూనెను. వుర్ట్స్ అనునాతడు 1890లలో మంట నిలువని లోహములతో దిమ్మలు చేసెను. తరువాత అల్యూమినియం గిన్నెలను ద్రావకములో పేర్చిన అరెస్టరులు వచ్చినవి. వానిపై ఏర్పడు సన్నని పొర కరగిపోకుండ ప్రతిదినము ఒక మనుష్యుడు పోయి వానికి కొంచెము విద్యుత్తు తినిపింపవలసియుండెను. ఆవుకు మేత వేసినట్లే. మేత మఱచిన దినమున పిడుగు వచ్చెడిది.

స్టైన్‌మెట్జ్ అను పొట్టి, గూనిగల జర్మను వలసదారుడు అమెరికాలో షెనెక్టడీ నగరమున పనిచేయుచుండెను. 1920లో నదీతీరమందలి ఆయన పర్ణశాలకు పిడుగు తగిలి ఒక అద్దము ముక్కలైనది. ఇంకొకడైనచో ముక్కలు ఊడ్చివేయును. ఆయన వానిని ఏరి, ఒకటొకటిగా కూర్చి, రెండు గాజుపలకల నడుమ భద్రపఱచి పిడుగు నడచిన జాడను చదివెను. 1922లో లక్షా ఇరువదివేల వోల్టుల కృత్రిమ పిడుగును పుట్టించి ప్రయోగశాలలో పెద్ద దుంగలను చీల్చి చూపెను. అప్పటినుండి అరెస్టరును పరీక్షించుటకు వానాకాలము వఱకు కనిపెట్టుకొనియుండుట తప్పినది.

1930లో సానరాతి పొడితో, అనగా సిలికాన్ కార్బైడుతో చేసిన బిళ్లలు వచ్చినవి. కత్తులు నూఱు చక్రములోనున్నది ఆ పొడియే. దాని గుణము విచిత్రము: ఒత్తిడి తక్కువైనప్పుడు విద్యుత్తును అడ్డును, ఒత్తిడి పెరిగినకొలది దారి వెడల్పు చేయును. సందును ఈ బిళ్లను కలిపి పెట్టగా గండి పూడ్చుట సులభమైనది. ఇంకను సందు అక్కఱ తీఱలేదు. ఏలయన ఆ బిళ్ల మామూలు దినములలోను కొంత కారును. ఆ కొఱత తీర్చినవాడు జపాను దేశపు మత్సుషిత సంస్థలోని మత్సుఓకా. 1967 ప్రాంతమున ఆయన జింకు ఆక్సైడు పొడిలో బిస్మతు మొదలగునవి చిటికెడు చేర్చి కాల్చి బిళ్ల చేసెను. చర్మమునకు పూయు తెల్లని మలాములోని జింకే ఇది. బిళ్లలో కోట్ల గింజలుండును. రెండు గింజలు తాకుచోట సుమారు మూడు వోల్టుల వఱకు ఓర్చు గోడ యుండును. హద్దు దాటి ఒత్తిడి నూటికి పదిపాళ్లు పెరిగినంతనే ప్రవాహము పదుల రెట్లు పెరుగును. హద్దు లోపలికి వచ్చినంతనే తలుపు మూసికొనును. సందు లేదు, మంట లేదు, మేతయు లేదు. నేడు అంగడిలోని పెట్టెలలో నున్నది ఈ రూపాయిబిళ్లంత జింకు బిళ్లయే. మీ యూరి ట్రాన్సుఫార్మరు స్తంభముపై, పదునొకండువేల వోల్టుల మూడు తీగలకు వ్రేలాడు మూడు ముడుతల దిమ్మలలోను నేడు సామాన్యముగా ఇదియే యుండును.

ఇక ఎన్నిక మాట. మొదటిది అలుగు మట్టము. మన యిండ్ల కరెంటు 230 వోల్టులు. ప్రొటెక్టరుపై వ్రాసిన ఎడతెగని వోల్టేజి 275 గాని 320 గాని ఉండుట మామూలు. పల్లెలలో రాత్రివేళ వోల్టేజి పైకి పోవుట మీరెఱిగినదే. కావున మన వైపు 320 మేలని నా యభిప్రాయము. అంతకు తక్కువ మట్టము పెట్టిన అలుగు ప్రతిరాత్రియు పాఱి అరిగిపోవును. ఇంతకంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. స్తంభముమీద న్యూట్రల్ తీగ తెగినచో ఒక్కొక్క యింటిలో 400 వోల్టుల దాపునకు వచ్చును. అది గడియసేపటి వరద కాదు; నిలుచు నీరు. జింకు బిళ్ల దానిని ఓర్వలేక కాలిపోవును, నిప్పును అంటుకొనవచ్చును. పొంగునకు మందు వేఱు, ఎక్కువ వోల్టేజికి మందు వేఱు. రెండవదానికి వోల్టేజి చూచి తనంత తాను కరెంటు ఆపు సాధనము కావలెను. ప్రొటెక్టరునకు ముందు తగిన ఫ్యూజు తప్పక యుండవలెను.

పై అంకె, నన్ను మోసపుచ్చిన అంకె, ఎన్నివేల ఆంపియర్లు భరించునని. ఇది దొడ్డదైనంత మాత్రమున లోపలి వస్తువు బ్రదుకదు. ఇంటిపై పిడుగుకమ్మి కలదా? అట్లయిన మెయిను బోర్డు వద్ద మొదటి తరగతి ప్రొటెక్టరు కావలెను. అది పిడుగులో సింహభాగమును మోయుటకు పుట్టినది. దాని పరీక్షకు వాడు పొంగు పొడవైనది. కమ్మి లేని మామూలు ఇంటికి, బడికి రెండవ తరగతిది మెయిను బోర్డు వద్ద చాలును; ఇరువదివేల ఆంపియర్లకు తగ్గక యుండిన మంచిది. మెయిను బోర్డునకు పది మీటర్లు మించిన దూరమున సుకుమారమైన యంత్రమున్నచో దాని ప్రక్కను మూడవ తరగతిది ఇంకొకటి పెట్టుదురు. అది ఒంటరిగా పనికిరాదు. నేను కొన్నది అట్టి చిట్టచివరి పెట్టెయే. ముందు రెండు అలుగులు లేక పంటబోదె గట్టుమీద రాయి పెట్టినట్లయినది. వానిలో ఎంతవఱకు పొంగును దింపునో ఆ అంకె వేఱుగా ఉండును. మోటారు వంటివి రెండువేల అయిదువందల వోల్టుల పొంగు నోర్చునట్లు చేయబడును. కంప్యూటరు వంటివానికి వేయిన్నర దాటనీయరాదు. ఈ అంకె ఎంత తక్కువైన అంత మేలు. ఆంపియర్ల అంకె వలె పెద్దది చూచి మురియరాదు.

మన పల్లెలలో ప్రతి యింటికిని తన ఎర్తు తానే వేసికొనవలసియుండును. అట్టిచోట ఫేజునకును న్యూట్రల్‌నకును నడుమ జింకు బిళ్లయు, న్యూట్రల్‌నకును భూమికిని నడుమ వాయువు నింపిన గొట్టమును గల ప్రొటెక్టరు తగును. బిళ్ల ముసలిదై కారజొచ్చినను ఇంటి ఎర్తులోనికి కరెంటు ఎక్కదు. అంగడిలో 'ఒకటి కూడిక ఒకటి' అని యడిగిన ఎఱిగినవాడు ఇచ్చును. ఎఱుగనివాడు ముఖము చూచును. అట్టి అంగడి విడుచుటయే మంచిది.

తీగ మాట లాడ్జి చెప్పినదే. ప్రొటెక్టరునకు వచ్చు తీగయు, దానినుండి ఎర్తు పట్టీకి పోవు తీగయు కలిపి మూరెడు మించరాదు. మిగిలిన తీగను చుట్టచుట్టి పెట్టెలో దోపుట మన ఎలక్ట్రిక్ పనివారికి అలవాటు. ఆ చుట్టయే అలుగునకు అడ్డముగా వేసిన కంప. మఱియొకటి, ఇంటిలోనికి వచ్చు తీగ కరెంటు తీగ యొక్కటియే కాదు. కేబులు టీవీ, ఇంటర్నెట్టు, డాబామీది ఏంటెన్నా ఇవన్నియు గుమ్మములే. మా బడిలో పాడైన ఏడు కంప్యూటర్లును ఇంటర్నెట్టు తీగ తగిలించినవి. తగిలించని అయిదును బ్రదికినవి. ఈ సంగతి నాకు నెల దినముల తరువాత గాని తట్టలేదు.

2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశమున పదుమూడు గంటలలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల నివారణశాఖవారు లెక్క చెప్పిరి. ఆ కాలమున పొలములో చెట్టుక్రింద నిలిచిన మనుష్యుని ఏ ప్రొటెక్టరును కాపాడదు. మబ్బు ఉఱిమినప్పుడు ఆతడు పక్కా యింటిలోనికి పోవలసినదే. ఇంటిముందరి తీగకే నేరుగా పిడుగు తగిలినచో మంచి ప్రొటెక్టరును ఓడిపోవచ్చును. కావున మబ్బు ఎక్కకముందే ప్లగ్గు ఊడదీయు పాత అలవాటు మానవలదు.

రెండవ మాఱు పంచాయతీవారు సొమ్మిచ్చునప్పుడు నా వైపు కొంచెము అనుమానముగానే చూచిరి. వారిది తప్పు కాదు. ఈ మాఱు మొదట గొయ్యి త్రవ్వించితిమి. బడి ప్రక్క నేల గరుసు. పైమన్ను ఎండి రాయివలె నుండెను. తేమ తగులువఱకు లోతుకు పోయి గొట్టము దింపి, చుట్టును మంచి బంకమన్నుతో నింపి, ఎర్తు కొలుచు యంత్రమును పట్టణమునుండి తెప్పించి కొలిపించితిమి. గోడలోని ప్రతి రంధ్రము వెనుకను తీగ వేయించితిమి. మెయిను బోర్డులో రెండవ తరగతి ప్రొటెక్టరును, ఇంటర్నెట్టు తీగ లోనికి వచ్చుచోట వేఱొక చిన్నదానిని పెట్టి రెండింటిని ఒకే ఎర్తు పట్టీకి కలిపించితిమి. వేర్వేఱు ఎర్తులకు కలిపినచో పొంగు ఒక గోతిలోనుండి ఇంకొక గోతికి యంత్రముల మీదుగానే పోవును. వెలలు కూడి చూడగా ప్రొటెక్టరులకంటె గోతికి, తీగకు, కూలికి ఎక్కువైనది. సర్పంచిగారు రసీదులు చూచి, "ఈసారి డబ్బంతా మట్టిలో పోశారేమిటండీ మాస్టారూ?" అనిరి. అవుననియే చెప్పితిని.

ప్రొటెక్టరులో చిన్న కిటికీ కలదు. పచ్చ ఎఱ్ఱయైనచో బిళ్ల మార్పవలెను. నెలకొక మాఱు ప్రధానోపాధ్యాయులు దానిని చూచి పుస్తకములో గుర్తు వేయుదురు. ఫాల్గుణమునుండి తొలకరి వఱకు వారమునకు రెండు బిందెల నీరు ఎర్తు గోతిలో పోయుట బడి నౌకరుకు అప్పగించినాము. అతడు ఒక వారము మఱచిన, మా వీథి పిల్లలే వచ్చి నాకు చెప్పుదురు.